ఫిల్టరు విప్పిన మనిషి

కారు కింద పడుకున్న హరిబాబు సుత్తి దెబ్బకి స్క్రూడ్రైవరు ఆయిల్ ఫిల్టర్లోకి దిగింది. ఫిల్టరు మాత్రం తిరగలేదు.

ఇంకో పోటు పొడిచాడు. రేకు కాస్త చిరిగి, లోపల మిగిలిన నల్లటి నూనె అతని గడ్డం మీదుగా మెడలోకి కారింది.

“గంటలో అయిపోద్దన్నావు,” అన్నాడు కారు పక్కన నిలబడ్డ శివరామకృష్ణ. “రెండింటికి రాజమండ్రిలో మా అమ్మకి డయాలిసిస్. ఇప్పుడే పన్నెండు దాటింది.”

“బిగుసుకుపోయిందండి. వచ్చేస్తది.”

శివరామకృష్ణకి రైసు మిల్లు ఉంది. మిల్లుకి ఐదు బళ్ళున్నాయి. హరిబాబు నిడదవోలులో షెడ్డు పెట్టి ఆరు నెలలైంది. ఇప్పటిదాకా నిలకడగా వస్తున్న పెద్దమనిషి ఆయనొక్కడే.

గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

యాభై ఏళ్ళ ఆడమనిషి. నీలం నేత చీర, చేతిలో గుడ్డ సంచి.

“ఏంటి?” అన్నాడు హరిబాబు కారు కిందనుంచే.

“పని కోసం వచ్చానండి. నా పేరు రూతు.”

“ఊడ్చడానికి మనిషుంది. వెళ్ళు.”

ఆమె వెళ్ళలేదు. వంగి కారు కిందికి చూసింది.

“దాన్ని ఇంక పొడవకండి. రేకు ఊడిపోతే పట్టుకోడానికి ఏం మిగలదు.”

“నీకెందుకు? పోతావా లేదా?”

ఆ కోపంలోనే మూడో పోటు పొడిచి, బలం కొద్దీ మెలితిప్పాడు. రేకు డబ్బా చీలికలై ఊడి చేతికొచ్చింది. ఇంజనుకి అంటుకుని గుండ్రటి అడుగుబిళ్ళ ఒక్కటే మిగిలింది.

శివరామకృష్ణ వంగి చూశాడు. ముఖం ఎర్రబడింది.

“ఆవిడ చెబుతూనే ఉంది కదయ్యా.”

రూతు సంచి కింద పెట్టింది. “చిన్న ఉలి, సుత్తి ఇప్పించండి.”

“నా సామాను బయటివాళ్ళు ముట్టుకోడానికి లేదు.”

“ఇవ్వు,” అన్నాడు శివరామకృష్ణ. “లేదంటే మిల్లు బళ్ళ సంగతి కూడా మర్చిపో.”

హరిబాబు ఉలిని ఆమె చేతికివ్వలేదు. నేల మీదకి విసిరాడు.

ఆమె తీసుకుంది. కొంగు నడుముకి బిగించి, గోనెపట్టా మీద పడుకుని కారు కిందికి జరిగింది. వేలితో బిళ్ళ అంచు తడిమింది. ఉలిని అంచుకి ఏటవాలుగా ఆనించి కొట్టడం మొదలుపెట్టింది. గట్టి దెబ్బ ఒక్కటీ లేదు. ప్రతి దెబ్బా అదే చోట, అదే వైపుకి.

పదో దెబ్బకో పదకొండో దెబ్బకో బిళ్ళ కదిలింది. తర్వాత వేళ్ళతోనే తిప్పి తీసేసింది.

హరిబాబు కొత్త ఫిల్టరు పెట్టబోతే ఆపింది. ఇంజనుకి అతుక్కుపోయిన నల్లటి రబ్బరు రింగుని గోటితో లేపి చూపించింది.

“పాత రింగు ఇక్కడే ఉండిపోయిందండి. దీని మీదే కొత్తది బిగించుంటే దార్లో ఆయిలంతా పోయేది. తల్లిగారితో రోడ్డు మీద నిలబడేవారు.”

కొత్త రింగుకి నూనె రాసి, ఫిల్టరుని చేత్తోనే బిగించింది.

“రెంచి అక్కర్లేదండి. పోయినసారి ఎవరో పొడి రింగు మీదే రెంచితో బిగించేశారు. అందుకే ఇంత తంటా.”

“పోయినసారి బిగించింది ఇతనే,” అన్నాడు శివరామకృష్ణ.

హరిబాబు ముఖం మాడిపోయింది.

కారు వెళ్ళాక రూతు మళ్ళీ అడిగింది. “నా పని సంగతి చెప్పారు కాదు.”

“ఆడది కారు కింద పడుకుంటే చూడ్డానికి జనం వస్తారు. కార్లు రావు.”

“కార్లూ వస్తాయండి.”

“నువ్వు నాకు నేర్పక్కర్లేదు. బయటికి నడు.”

ఆమె చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. కుళాయి వైపు ఒక అడుగు వేసింది. హరిబాబు అడ్డంగా నిలబడ్డాడు.

“ఇంటికెళ్ళి కడుక్కో.”

రూతు సంచిని మోచేతికి తగిలించుకుని, ఆ చేతులతోనే బస్టాండు వైపు నడిచింది.

మర్నాడు పొద్దున్నే స్పేర్ పార్టుల కొట్టు బుల్లియ్య వచ్చాడు.

“నిన్న నేను పంపిన మనిషిని తరిమేశావంట?”

“మీరు పంపారా? ఎవరండీ ఆవిడ? పెద్ద పనిమంతురాలిలాగ నాకే నీతులు చెప్పింది.”

“పెనుగొండ విజయ్ పాల్ భార్య. ఆయన పోయి నెలయింది. షెడ్డు స్థలం వాళ్ళు ఖాళీ చేయమన్నారు.”

హరిబాబు చేతిలో స్పానరు ఆగిపోయింది.

“విజయ్ పాల్ గారు పోయారా?”

ఎనిమిదేళ్ళ కిందట రాజమండ్రిలో పనికి చేరిన కొత్తల్లో, పెనుగొండలో ఆయన షెడ్డులో విప్పి కట్టిన ఇంజనొకటి అతని చేతికొచ్చింది. ఆ పనితనం చూసి విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. ఆ తర్వాత ఆ షెడ్డు నుంచి ఏ బండి వచ్చినా అడిగి మరీ తీసుకునేవాడు. నీ గురువెవరని ఎవరైనా అడిగితే, ఏనాడూ ముఖం చూడని ఆ మనిషి పేరే చెబుతాడు.

“అలాంటి చెయ్యి మళ్ళీ పుట్టదండి,” అన్నాడు. “ఆయనే ఈ గుమ్మంలోకి వచ్చుంటే కాళ్ళు కడిగి లోపలికి తెచ్చుకునేవాణ్ణి. ఆయన భార్యని నాకేం తెలుసు? ఇప్పుడైనా రమ్మనండి. ఆయన మీద గౌరవంతో టీలు అందించే పనైనా ఇస్తాను.”

“అక్కర్లేదు. నిన్న సాయంత్రమే తణుకులో కుదిరిపోయింది. హెడ్ మెకానిక్‌గా పెట్టుకున్నారు.”

“హెడ్ మెకానిక్కా? ఆయన పేరు చూసి ఇచ్చుంటారు.”

బుల్లియ్య వెళ్ళబోతున్నవాడల్లా ఆగి, నెమ్మదిగా అన్నాడు:

“షుగరొచ్చి విజయ్ పాల్‌కి కళ్ళు పోయి, స్పానరు ముట్టుకోక పన్నెండేళ్ళయింది హరిబాబూ.”