చేప చుక్క

బాబుకి దద్దుర్లు ఏ తిండి వల్ల వస్తున్నాయో తేల్చడానికి డాక్టరు వాడి ముంజేతి మీద పెన్నుతో గీతలు పెట్టి, ఒక్కో గీత పక్కన ఒక్కో మందుచుక్క వేసి సూదితో మెల్లగా గుచ్చాడు. పాలు, గుడ్డు, చేప, జీడిపప్పు. పడనిది ఏదైతే అక్కడ ఉబ్బుతుందన్నాడు.

బాబు తల్లి రేఖ చేప చుక్కనే చూస్తూ కూర్చుంది. చేపే కారణమని ఆమెకి మొదటి నుంచీ సందేహమే లేదు. అత్త దాలమ్మ భావనపాడు ఒడ్డున చేపలు ఎండబెడుతుంది. ఆ చేతులతోనే మనవణ్ణి ఎత్తుకునేది.

"సబ్బెట్టి కడిగినా నీ సేతుల నీసు పోదత్తా. ఇంక బాబుని ముట్టుకోకు" అని దద్దుర్లు కనబడిన రోజే మొహం మీద చెప్పేసింది.

దాలమ్మ ఇప్పుడూ గుమ్మం దగ్గరే, చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది.

కాసేపు గడిచింది. చేప చుక్క వేసినచోట ఏమీ కాలేదు. జీడిపప్పు దగ్గర మాత్రం దోమ కుట్టినట్టు ఎర్రగా ఉబ్బింది.

"జీడిపప్పు ఎవరు పెడుతున్నారమ్మా?"

"నేనేనండి. పలాస నుంచి మా అమ్మ పంపుతాది. పొడి సేసి రోజూ పాలల్లో కలుపుతన్నాను, బలమని." చివరి మాట రేఖకే సరిగా వినబడలేదు.

బాబు ఏడుస్తూ నాన్నమ్మ వైపు చేతులు చాచాడు. దాలమ్మ గబగబా వచ్చి, మంచం దగ్గర టక్కున ఆగిపోయింది.

"ఉండు నాయినా, సేతులు కడుక్కొనొస్తాను."

రేఖ వద్దనబోయింది. అప్పటికే దాలమ్మ గుమ్మం దాటేసింది.

వరండాలో కుళాయి తిప్పిన చప్పుడు. అది ఎంతకీ ఆగలేదు.