ఊ కొట్టని ఇంటర్వ్యూ

"ఎదుటి మనిషి మాట ఆపగానే మీరు అందుకోకండి. కాసేపు అలాగే చూస్తూ కూర్చోండి. ఆ ఖాళీ భరించలేక ఆయనే నింపుతాడు. అసలు మాట అప్పుడే బయటికొస్తుంది," అన్నారు మాస్టారు.

వెనక వరసలో కూర్చున్న అక్క చెవిలో తేనె పోసినట్టయింది.

వీడియో ఇంటర్వ్యూల క్లాసులో మిగతావాళ్లు ఛానెల్ పెట్టుకుందామనో, సరదాకో చేరారు. ఆమె ఒకే ఒక్క మనిషి కోసం చేరింది. ఆయన పేరుమోసిన సర్జన్. ఆయన ఆపరేషన్ థియేటర్లోకి జోకులేస్తూ వెళ్లిన మనిషి మళ్లీ ఆ మనిషిగా బయటికి రాలేదు. ఏం జరిగిందని అడగబోయిన ఆమె భర్తను పొద్దస్తమానం వరండాలో కూర్చోబెట్టి, "ఒక్కొక్కరి ఒంటి తత్వం అంతే" అని నర్సుతో చెప్పించి పంపేశాడు. ఫిర్యాదు చేస్తే, విచారణకు కూర్చున్నవాళ్లంతా ఆయన శిష్యులే. ఇంట్లోవాళ్లు దేవుడి మీద భారం వేసి ఊరుకున్నారు. ఆమె ఊరుకోలేదు. సర్జన్‌కి తన గురించి చెప్పుకోవడమంటే ప్రాణమని టీవీలో చూసి కనిపెట్టింది. ఆ సరదాలోనే ఆయన్ని ముంచాలనుకుంది.

అందుకే మాస్టారు చెప్పిన ప్రతి ముక్కా పట్టుకుంది. ప్రశ్నలు ముందే పంపి మనిషిని కుదుటపరచడం. కిటికీ వెలుగు మొహం మీద పడేలా కుర్చీ వెయ్యడం. ఫ్యాను హోరు మైకులో పడకుండా చూసుకోవడం. ఇంటర్వ్యూ తీసేవాళ్ల గొంతు వీడియోలో వినిపించకూడదనేది మాస్టారి పద్ధతి. ప్రశ్నను కూడా కలుపుకుని ఎదుటివాళ్లే జవాబు చెప్పాలి. అందరి రికార్డింగుల్లోనూ "ఊ", "అవునా", "అయ్యో" వచ్చి పడేవి. మాస్టారు విసిగిపోయి ఒకరోజు అక్క తీసింది వేసి చూపించారు.

"ఇదీ రికార్డింగంటే. ఒక్క ఊ కూడా లేదు."

క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

ఎడిటింగ్ మొదలుపెట్టిన రోజు ఆయన ఇంకో మాటన్నారు. కత్తెర చేతిలో ఉంది కదా అని మనిషి అన్నదాన్ని తలకిందులు చెయ్యకూడదట. అది ఇంటర్వ్యూ కాదట, గొంతు కొయ్యడమట. ఆమె తల ఊపింది. కొయ్యాల్సిన అవసరం రాకుండా తియ్యాలని అప్పుడే తీర్మానించుకుంది.

సర్జన్‌ని ఒప్పించే పని ఆమె చెల్లెలు తీసుకుంది. వెన్న రాసిన మాటలామెవి. "మీలాంటి పెద్దల అనుభవం జనానికి తెలియాలి సార్," అని రెండుసార్లు ఫోన్ చేసేసరికి ఆయన వెన్నముద్దలా కరిగిపోయాడు.

ఆయన గది నిండా జ్ఞాపికలు. గోడ కనిపించనన్ని ఫోటోలు. పలకరింపులు చెల్లెలు కానిచ్చింది. అక్క నమస్కారం పెట్టి, కుర్చీ జరిపి, ఫ్యాను ఆపేసి, ఆయన కోటుకు మైకు తగిలించింది. ఆయన ఆమె మొహంలోకి దగ్గరగా చూశాడు. గుర్తుపట్టలేదు. అప్పటిదాకా మిగిలి ఉన్న కాస్త జాలి కూడా అక్కడితో ఆవిరైపోయింది.

ఆయన చిన్నప్పటి కష్టాలు చెప్పాడు, సన్మానాలు చెప్పాడు. ఆమె కళ్లార్పకుండా విన్నది. కాగితం మీద చివరి ప్రశ్న ఒకటి మిగిలింది, రోజుకు అన్ని ఆపరేషన్లు ఎలా చెయ్యగలుగుతున్నారని. అంతా క్రమశిక్షణ అని చెప్పి ముగించాడాయన.

ఆమె కెమెరా ఆపలేదు. చూస్తూ కూర్చుంది. గదిలో గోడ గడియారం చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆయన సర్దుకు కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. ఇంకేదో గొప్ప మాట కోసం ఆమె ఎదురుచూస్తోందనుకున్నాడు పాపం.

"ఒక రహస్యం చెప్పనా?" అంటూ ముందుకు వంగాడు. "నేను ఒకేసారి రెండు థియేటర్లు నడిపిస్తాను. ఇక్కడ కోత పెట్టి, పక్కదాంట్లోకి వెళ్లి ఇంకోటి మొదలుపెడతాను. మిగతాది మా కుర్ర డాక్టర్లు చూసుకుంటారు. పేషెంటుకేం తెలుస్తుంది, నిద్రలో ఉంటాడుగా. ఇన్నేళ్లలో నా మీద ఒక్కరైనా నోరెత్తారా?"

కెమెరా స్టాండు మీద కదలకుండా ఉంది.

వీడియోలో ఆమె ఒక్క మాట కూడా ముక్కలు చెయ్యలేదు. పైన ఆయన పేరు, కింద ఆసుపత్రి పేరు వేసి వదిలింది. అందరికంటే ముందు పంచింది ఆసుపత్రి ప్రచార విభాగమే. పొగడ్తే కదా అని చివరిదాకా చూడకుండానే నలుగురికీ పంపేశారు. సాయంత్రానికి వీడియో కింద జనం రాయడం మొదలుపెట్టారు. మా నాన్నకు కూడా అక్కడే, మా పాపకు కూడా అక్కడేనని. ఆ రాతలు కుప్పలుగా పెరిగాయి. వారం తిరిగేసరికి అధికారులు వచ్చి రెండు థియేటర్లకూ తాళాలు వేశారు. యాజమాన్యం ఆయన్ని ఇంటికి పొమ్మంది. శిష్యులు ఆయన ఫోనెత్తడం మానేశారు.

అప్పుడు ఆయనే చెల్లెలికి ఫోన్ చేశాడు.

"ఎవరావిడ? నేను ఆవిడకేం ద్రోహం చేశాను? ఉలకదు పలకదు, నంగనాచిలా కూర్చుని నా కొంప ముంచింది. దమ్ముంటే ఒకసారి నాతో మాట్లాడమను."

చెల్లెలు ఫోన్ అక్క చెవి దగ్గర పెట్టింది. ఆయన అరుస్తున్నంతసేపూ అక్క తాపీగా విన్నది. క్లాసులో కూడా నవ్వని మనిషి, ఆ రోజు మొహమంతా విప్పారేలా నవ్వింది. తర్వాత ఫోన్ చెల్లెలికిచ్చేసి, చెప్పెయ్యమన్నట్టు తల ఊపింది.

"మాట్లాడేదే సార్," అంది చెల్లెలు, "ఆ రోజు మా అక్క గొంతు మీద కోత పెట్టి మీరు పక్క థియేటర్లోకి వెళ్లకుండా ఉంటే."