గవర్నరు వినే కిటికీ

రాజ్‌భవన్‌లో గవర్నరు పదవిని యంత్రానికి అప్పగించి పదేళ్లయింది. మునుపు క్షమాభిక్ష అర్జీలు ఏళ్ల తరబడి అక్కడ పడివుండేవి. ఉరిశిక్ష పడ్డవాడు అన్నాళ్లూ బతికివుండేవాడు. ఇప్పుడు అర్జీదారు చెప్పడం ముగించగానే నిర్ణయం వచ్చేస్తుంది.

గడువు చివరి రోజున దాలమ్మ తన భర్త సింహాద్రి కోసం అర్జీల కిటికీ ముందు నిలబడింది.

"గవర్నరుబాబు ఒక్క రోజైనా ఆలోసించడా, బాబూ?" అని గుమాస్తాని అడిగింది.

"లేదమ్మా. మీరు ఆపిన మరుక్షణం చెప్పేస్తుంది. కాదంటే రేపే ఉరి."

"నాను ఆపకపోతే?"

గుమాస్తా తెల్లబోయాడు. "ఆపేదాకా వినాలన్నదే నియమం."

దాలమ్మ మొదలుపెట్టింది. పెళ్లిలో సింహాద్రి చెప్పులు పోయిన సంగతి, అతను వేసిన జీడితోట, జ్వరమొచ్చిన పిల్లని భుజాన వేసుకుని అతను నడిచిన తొమ్మిది మైళ్లు, అన్నీ చెప్పింది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది.

గుమాస్తా ఇంటికి వెళ్లలేకపోయాడు. కిటికీలోంచి మంచినీళ్ల గ్లాసు అందించాడు. దాలమ్మ అందుకుంది గానీ, తాగాలంటే మాట ఆపాలి. గ్లాసు చేతిలో పట్టుకునే, తను ఎన్నడూ చూడని సింహాద్రి చిన్నతనం గురించి చెప్పడం మొదలుపెట్టింది.