చప్పుడు చేసే మేనిఫోల్డ్

చెన్నై నుంచి బస్సు పార్శిల్లో వచ్చిన రెండు మేనిఫోల్డులు నా మెకానిక్ షెడ్డులో బల్ల మీద పెట్టాను. ఇంజన్ పొగని టర్బోలోకి తోసేవి. ఒకటి పోత ఇనుముది, రెండోది సన్నటి స్టీలు గొట్టాలది. కారు ఓనరు హరిప్రసాద్ గారు ఇనుముదే చేతిలోకి తీసుకున్నారు.

"స్టీలుది వేయించుకోండి, మీకు దణ్ణం పెడతాను."

"టర్బో బరువుకీ వేడికీ అది ఏడాదిలోపే పగులుద్దని నువ్వే చెప్పావు కదయ్యా విశ్వాసం?"

"పగిలితే నేనే అతుకుతానండి. ఉన్నన్నాళ్ళూ గట్టిగా అరుస్తుందండి. ఇనుముది వేస్తే మీ కారు పక్కకొచ్చేదాకా వినపడదు."

ఆయన నవ్వారు. "నా కారు అరుపు ఏలూరంతా వినాలా ఏంటి?"

ఆ నవ్వుకి ఒళ్ళు మండింది. అయినా బతిమాలాను.

"ఊరంతా అక్కర్లేదండి. మా నాన్నకి వినపడితే చాలు. ఆయనకి కళ్ళు కనపడవు. వట్లూరు రోడ్డు పక్కనే కర్ర పట్టుకుని చర్చికి వెళ్తాడు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే మా అమ్మ పోయాక ఒక్కడే వెళ్తున్నాడు. వద్దంటే వినడు. మీరు రోజూ ఆ రోడ్డు మీదే కదండీ పరిగెత్తిస్తారు!"

ఆయన ఇనుప మేనిఫోల్డు నా చేతిలో పెట్టి, జాలిగా భుజం తట్టారు.

"ఇదే బిగించు. మీ నాన్న కనపడితే హారన్ కొడతాన్లే."

ఎంత కోపమొచ్చినా మా వైపు నోళ్ళలోంచి 'అండీ' పోదు. ఈసారి అది రాలేదు.

"మా అమ్మని గుద్దినప్పుడు కొట్టావా?"