ఒక్క మేకు

"ఆ మేకు సంగతి రాయొద్దు," అన్నాడు లిమ్ అంకుల్, నిచ్చెన కదలకుండా పట్టుకుని.

పైనున్న నవనీత్ కిందికి చూడకుండానే ఫోటో తీశాడు. వరంగల్ నుంచి సింగపూర్ వచ్చి పాత కట్టడాల మీద పరిశోధన చేస్తున్నాడతను. నూట ఎనభై ఏళ్ల ఈ చైనా గుడిని అంగుళం అంగుళం కొలుస్తున్నాడు. చైనా నుంచి ఓడల్లో తెచ్చిన దూలాలు, ఒకదాని గాడిలో ఇంకొకటి ఒదిగి, అంత పెంకుల కప్పునూ మోస్తున్నాయి. ఎక్కడా ఒక్క మేకు కూడా వాడలేదని గుమ్మం దగ్గర బోర్డు. వెనక గది దూలానికి మాత్రం ఇదిగో, బెత్తెడు ఇనుప మేకు!

"ఉన్నది ఉన్నట్టు రాయాలి అంకుల్. రీసెర్చ్ కదా."

"ఒక్క మేకే కదా! నువ్వు చూడలేదనుకో." గుడి ఊడ్చి, దీపాలు వెలిగించే ఆ డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి బతిమాలాడు.

ఆ మధ్యాహ్నం చిన్న చిన్న తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో నూడుల్స్ తింటూ, నవనీత్‌తో కలిసి పనిచేసే అరుణశ్రీ అంది. "పెద్దాయన అంతలా బతిమాలుతుంటే వదిలేయొచ్చుగా? అసలెందుకు వద్దంటున్నారో అడిగావా?"

"అడిగేదేముంది? గుడి పేరు పోతదని భయం. బోర్డు మీది అబద్ధాన్ని నేనెందుకు మొయ్యాలె?"

రిపోర్టులో ఆ మేకుకు సగం పేజీ కేటాయించాడు. ప్రొఫెసర్ మెచ్చుకున్నాడు కూడా.

మూడు వారాల తర్వాత ఇద్దరూ మిగిలిన కొలతల కోసం వెళ్లేసరికి దూలానికి మేకు లేదు. రిపోర్టు చదివిన గుడి కమిటీ, వడ్రంగిని పిలిచి పీకించేసింది. కన్నాన్ని చెక్కతో పూడ్చి, పైన రంగు వేయించింది.

పెరట్లో లిమ్ అంకుల్ గొంతుక్కూర్చుని, మరమ్మతుల చెత్తకుప్పను వేళ్లతో కెలుకుతున్నాడు. చూపుడువేలు తెగి రక్తం కారుతోంది. ఆయన పట్టించుకోవడం లేదు.

"ఏం వెతుకుతున్నారంకుల్?" అడిగాడు నవనీత్.

"మేకు. సగం చెత్త నిన్ననే లారీలో పోయిందట. ఇందులోనన్నా ఉంటుందేమోనని."

అరుణశ్రీ గబగబా తన చేతిరుమాలు తీసి ఆయన వేలికి కట్టింది. నవనీత్ ఇంకాస్త దగ్గరికొచ్చాడు.

"సారీ అంకుల్. కానీ ఇప్పుడిది నిజంగానే మేకు లేని గుడి. పేరు నిలబడింది కదా."

"పేరా?" లిమ్ అంకుల్ అతని మొహంలోకి చూశాడు. "నేను పేరు కోసం అడిగాననుకున్నావా?"

"మరి... ముందే చెప్పాల్సింది."

"నువ్వు అడగలేదు."

నవనీత్ మోకాళ్ల మీద కూలబడి తనూ కుప్పలో చేయి పెట్టాడు. చెక్క పొట్టు, పెంకుల ముక్కలు, ఎండిన రంగు పొరలు. మేకు దొరకలేదు.

"ఎవరు కొట్టారంకుల్ దాన్ని?" అనడిగాడు, ఇంకా కెలుకుతూనే.

"ఈ గడప మీద ఎవరో వదిలేసి పోయిన నాకు ఉయ్యాల కట్టడానికి, నన్ను పెంచిన నాన్న."