అందరూ దొరలే

అంగారకుడి మీద మూడో కాలనీలో మురుగునీటి ట్యాంకులు కడిగే ఓదెలు చనిపోయి ఆ రోజుకి పదకొండు రోజులు. అతని కూతురు సుగుణకు ఏడో నెల. తండ్రి వదిలిపోయిన ట్యాంకులో దిగి ఆమె పాకుడు గీకుతుంటే, కంపెనీ అధికారి పళ్లెంలో జరీ పాగా పెట్టుకుని వచ్చాడు.

“దొరసానీ, మీ నాన్నగారి బిరుదు ఇక మీది. మీ తర్వాత మీ బిడ్డది. తల వంచండి, కడతాను.”

ఊళ్లో దొర ఎదురైతే తన పెద్దలు చెప్పులు చేతబట్టుకుని నిలబడిన కథలు వింటూ పెరిగినవాడు ఓదెలు. వచ్చి కాలనీలో ఉంటే వంశపారంపర్యంగా దొరను చేస్తామని కంపెనీ అనగానే, కాగితం చదవకుండా వేలిముద్ర వేశాడు. తీరా వచ్చి చూస్తే నలభై వేల మందీ దొరలే. దొరా అని పిలిచేవాడు ఒక్కడూ లేడు. పాగా కట్టించుకున్న మనిషి బతికున్నంతకాలం ఆ ఇంట్లోవాళ్లెవరూ కాలనీ విడిచి పోరాదని ఆ కాగితంలోనే ఉంది.

సుగుణకు ఒళ్లు మండింది. నిచ్చెనెక్కి పైకొచ్చింది.

“పాగ కట్టుకుంటే నా బిడ్డ గూడ ఈడనే పడి సావాలె, గంతేనా?”

“అది గౌరవమమ్మా!”

“గంత గౌరవమైతే నువ్వే కట్టుకో సారూ. దొరవై ఈ ట్యాంకుల దిగు.”

ఆమె పళ్లెంలోని పాగా తీసి అతని తల మీద పెట్టబోయింది. వచ్చే నెల ఓడలో భూమికి తిరిగిపోవాల్సిన ఆ అధికారి, రెండు చేతులతో తల కప్పుకుని, పాము మీద పడ్డట్టు వెనక్కి గెంతాడు.