ఊ కొట్టే కొలువు

ఒగ్గుకథ చెప్పే మల్లేశం చనిపోయి పదకొండేళ్లయింది. అయినా కళాభవనంలో రోజూ పొద్దున పదింటికి ఆయన గొంతు కథ మొదలుపెడుతుంది. బతికుండగా ఊ కొట్టేవాళ్లు లేకపోతే ఆయన కథ ముందుకు కదిలేది కాదు. పాత రికార్డింగులు విని ఆయన గొంతు నేర్చుకున్న ఏఐ పెట్టె ఆ అలవాటునూ నేర్చుకుంది. అందుకే ఆయన కూతురు కొమురమ్మకు అక్కడ ఊ కొట్టే కొలువు ఇచ్చారు.

ఎనిమిదేళ్లుగా ఆమె ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఊ కొడుతోంది. మొదట్లో ఆ గొంతు వింటే కళ్లు చెమ్మగిల్లేవి. ఇప్పుడు కథ ఎక్కడిదాకా వచ్చిందో కూడా పట్టదు.

ఆ రోజు దగ్గు తెర వచ్చి ఊ కొట్టలేకపోయింది. కథ ఆగింది. అంతలో పెట్టెలోంచే "ఊఁ" అని వినిపించింది. అది కొమురమ్మ గొంతే. కథ సాగిపోయింది.

ఆమె వెళ్లి మేనేజరు స్రవంతికి చెప్పింది.

"మంచిదే గద పెద్దమ్మా, నీ ఊ గూడ నేర్సుకున్నది" అంది స్రవంతి, తల ఎత్తకుండా. "రేపటి సంది ఇంటికాడనే ఉండు."

"మరి ఇయ్యాల?"

"ఇయ్యాల ఐదింటిదాక కూసో."

కూర్చుంది. చిక్కుడుకాయలు అయిపోయాయి. ఐదింటికి కథ ముగించి, తండ్రి గొంతు ఎప్పటిలాగే అడిగింది.

"ఇన్నవా బిడ్డా?"

కొమురమ్మ నోరు తెరిచింది.

"ఇన్న నాయినా" అంది పెట్టె.